దూరం చెరిగిపోయినా మిగిలే గుర్తు



ఇంతకుముందు కావేరిపాక్కం చెరువు గురించి, వేలూరు కోట గురించి, 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచిన తొలి రైలు గురించి రాశాం. ఈసారి లెక్కల చరిత్ర. లెక్కలనగానే పక్కన పెట్టేయకండి. టికెట్ లెక్క, మగ్గం లెక్క తెలిసినవాళ్లకు ఇది అందుతుంది. అందేలా రాయడం మా బాధ్యత.

మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే మాట ఒకటి ఉంది. "మనవాళ్లు ఎప్పుడో రాయలవారి కాలంలోనో, నాయకుల కాలంలోనో ఇటు వచ్చారు. ఏ ఊరి నుంచో తెలియదు." పత్రం లేదు, పటం లేదు. సంబంధాలు చూసేటప్పుడు ఆంధ్రా వైపు వాళ్లు మన మాట విని "మీది తెలుగేనా?" అని అడుగుతారు. ఇక్కడి బడిలో "మీరు తమిళులా, తెలుగులా?" అని అడుగుతారు. వచ్చిన చోటు చూపించలేనివాడు, తాను ఫలానా చోటి నుంచి వచ్చానని ఎలా నిరూపించాలి?

సరిగ్గా ఇలాంటి ప్రశ్ననే ఇరవయ్యో శతాబ్దంలో గణితజ్ఞులు వేసుకున్నారు. ఒకదాని మూలం కంటికి కనిపించనప్పుడు, దాన్ని మాత్రమే పరీక్షించి, అది ఎలాంటి చోటి నుంచి వచ్చిందో చెప్పగలమా? చెప్పగలమని తేలింది. ఆ కథలో పారిస్, మాస్కో, ప్రేగ్ ఉన్నాయి. గుత్తి, మద్రాసు, మదురై, హైదరాబాదు కూడా ఉన్నాయి. అందుకే మన సంఘంలో ఈ కథ చెప్పుకోవాలి.

దూరం పట్టిక

రైల్వే గుమాస్తా బల్ల మీద దూరాల పట్టిక ఉంటుంది. ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కు ఎన్ని కిలోమీటర్లో అందులో ఉంటుంది, చార్జీ దాన్నిబట్టే. ఆ పట్టికలో ఎవరూ విడిగా రాయని మూడు నియమాలు ఉన్నాయి. ఒకటి, ఒక స్టేషన్ నుంచి అదే స్టేషన్‌కు దూరం సున్నా. వేరే స్టేషన్‌కు సున్నా కాదు. రెండు, కాట్పాడి నుంచి గుడియాత్తానికి ఎంతో, గుడియాత్తం నుంచి కాట్పాడికీ అంతే. మూడు, మధ్యలో మరో ఊరు చుట్టి వెళితే దూరం తగ్గదు.

1906లో పారిస్‌లో మోరిస్ ఫ్రెషే అనే యువకుడు తన పరిశోధన గ్రంథంలో ఒక మాట అన్నారు. ఈ మూడు నియమాలు ఉంటే చాలు, అవి ఊళ్లు కానక్కరలేదు. వక్రరేఖలు కావచ్చు, ప్రమేయాలు కావచ్చు, ఏవైనా కావచ్చు. వాటి మధ్య దూరం మాట్లాడవచ్చు, "దగ్గరవుతోంది" అనే మాటకు అర్థం చెప్పవచ్చు. అలాంటి చోటుకు మెట్రిక్ స్పేస్ అన్న పేరు జర్మనీలో ఫెలిక్స్ హాస్‌డార్ఫ్ 1914లో వేసిన పుస్తకంతో నిలబడింది. దూరం లేకపోయినా "చుట్టుపక్కల" అనే భావం ఒక్కటి ఉంటే చాలని ఆయన అదే పుస్తకంలో చూపించారు. టోపాలజీ అనే శాస్త్రం ఆ మీదట పెరిగిందే. యూదుడైన ఆ పెద్దమనిషి, నాజీలు శిబిరానికి తరలిస్తారని తెలిసి 1942లో భార్యతో కలిసి ప్రాణం తీసుకున్నారు.

అదే 1906 చివర్లో, అనంతపురం జిల్లా గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్ గారు స్నేహితులకు ఒక ఉత్తరం రాశారు. మన దేశంలో లెక్కల పుస్తకాలు, పత్రికలు దొరకడం లేదు, అందరం చందాలు వేసుకుని తెప్పించుకుని పంచుకుందామని. 1907లో అది ఒక చిన్న క్లబ్బుగా మొదలై ఇండియన్ మేథమెటికల్ సొసైటీ అయింది. ముంబై వెళ్లే దారిలో గుత్తి జంక్షన్ చాలామంది చూసే ఉంటారు. ఆ ఊళ్లో పుట్టిన సంఘమది. 1910లో రామానుజన్ నోటుపుస్తకాలు పట్టుకుని ఉద్యోగం కోసం వెళ్లింది ఈ రామస్వామి అయ్యర్ దగ్గరికే. అప్పటికి ఆయన తిరుక్కోయిలూరులో ఉన్నారు. రామానుజన్ తొలి వ్యాసం 1911లో ఈ సొసైటీ పత్రికలోనే వచ్చింది. చందాలు వేసుకుని నడిపే సంఘం ఎంత దూరం పోగలదో మనం గుర్తుపెట్టుకోవాలి.

కుట్టిన లుంగీ

ఇక అసలు విషయం. ఒక చోటిని మరో చోటికి మార్చడం అంటే ఏమిటి? గుడియాత్తం లుంగీ తీసుకోండి. మగ్గం మీద నుంచి దిగినప్పుడు అది పొడుగాటి బట్ట. రెండు కొసలూ కలిపి కుడితే గొట్టం అవుతుంది. పక్కపక్కన ఉన్న పోగులు పక్కపక్కనే ఉన్నాయి, ఏదీ చిరగలేదు. కానీ ఒకప్పుడు రెండు మూలల్లో ఉన్న కొసలు ఇప్పుడు ఒకటే అయ్యాయి. మడవచ్చు, సాగదీయవచ్చు, అతికించవచ్చు, చించకూడదు. దగ్గర ఉన్నవాటిని దూరం చేయకుండా మార్చే ఇలాంటి మార్పును అవిచ్ఛిన్న ప్రమేయం అంటారు. మార్చాక వచ్చినదాన్ని మొదటిదాని ప్రతిబింబం అంటారు.

ఇప్పుడు ప్రశ్న: దూరం కొలవగలిగిన చోటిని ఇలా మారిస్తే వచ్చే ప్రతిబింబాలు ఎలాంటివి? వాటిని ఎలా గుర్తుపట్టాలి?

మొదటి జవాబు నిరాశపరుస్తుంది. ఏ షరతూ పెట్టకపోతే ప్రతి చోటూ అలాంటి ప్రతిబింబమే. ఎలాగంటే, ఏ రెండు బిందువుల మధ్య అయినా దూరం 1 అని పట్టిక రాసుకోండి. మూడు నియమాలూ సరిపోతాయి. కానీ అక్కడ ఎవరికీ ఎవరూ దగ్గర కారు. దగ్గరితనమే లేని చోట చిరగడానికి ఏముంది? కాబట్టి అక్కడి నుంచి ఎక్కడికి పంపినా అవిచ్ఛిన్నమే. "మేమూ అక్కడి నుంచే వచ్చాం" అని అందరూ అనగలిగితే ఆ మాటకు విలువ లేదు.

అందువల్ల ఎక్కడి నుంచి వచ్చారని మాత్రమే అడిగితే చాలదు, ఏ దారిన వచ్చారని అడగాలి. మాస్కోలోని పావెల్ అలెగ్జాండ్రోవ్ 1961లో ప్రేగ్‌లో జరిగిన టోపాలజీ సదస్సులో దీన్ని ఒక పని పట్టికగా అందరి ముందూ పెట్టారు. దారుల్లో రకాలు చూడండి, ఒక్కో రకం దారిన వచ్చినవాటికి లోపల ఏ గుర్తు మిగులుతుందో కనిపెట్టండి, అని.

దారికో గుర్తు

మొదటి రకం దారి "ఓపెన్". చుట్టుపక్కల ఉన్న జాగాను నలిపేయకుండా జాగాగానే చేర్చే దారి. 1960లోనే మాస్కోలో పొనొమరేవ్ దీని గుర్తు చెప్పారు. దూరం ఉన్న చోట ఏ బిందువు చుట్టూ అయినా ఒక కిలోమీటరు, అర కిలోమీటరు, పావు కిలోమీటరు అని చిన్నవవుతూ పోయే పరిసరాల జాబితా రాయవచ్చు. ఆ బిందువు చుట్టూ ఎవరు ఎంత చిన్న పరిసరం గీసినా, జాబితాలో ఏదో ఒకటి అందులో ఇమిడిపోతుంది. ఓపెన్ దారిన వచ్చిన ప్రతి చోటా ఈ 1, 2, 3 అని లెక్కపెట్టగల జాబితా మిగులుతుంది. కొన్ని చిన్న షరతులు పక్కన పెడితే, ఈ జాబితా ఉన్న ప్రతి చోటూ ఓపెన్ దారిన వచ్చినదే. దూరం పోయినా జాబితా మిగిలింది.

రెండో రకం "క్లోజ్‌డ్". అవధులన్నీ తనలోనే ఉన్న ముక్కను అలాగే ఉంచే దారి. ఇక్కడ ఒక వింత ఉంది. 1956లో ఇంగ్లండులో స్టోన్, జపానులో మోరిటా, హనాయ్ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒకే విషయం కనిపెట్టారు. క్లోజ్‌డ్ దారిన వచ్చిన చోట పైన చెప్పిన జాబితా గనక ప్రతి బిందువు దగ్గరా ఉంటే, పోయిన దూరం పూర్తిగా తిరిగి వస్తుంది. కొత్త పట్టిక రాసుకోవచ్చు.

మరి జాబితా ఉండకపోవడం ఎప్పుడు? నేతపని చూసినవాళ్లకు ఇది సులభం. లెక్కలేనన్ని పోగులు తీసుకోండి: ఒకటో పోగు, రెండో పోగు, మూడో పోగు, అలా అంతం లేకుండా. అన్నిటి కొసలూ కలిపి ఒకే ముడి వేయండి. ప్రతి పోగు మీదా ముడి వైపు జరిగే చుక్కలు ఉన్నాయనుకోండి. ముడి చుట్టూ పరిసరం అంటే ఒక్కో పోగు మీద కొంత మేర తీసుకోవడమే. ఏ పోగు మీద ఎంత అన్నది మన ఇష్టం. ఎవరైనా "ఇదిగో పరిసరాల పూర్తి జాబితా" అని తెచ్చారనుకోండి. ఒకటో పోగు మీద వాళ్ల ఒకటో పరిసరం కంటే తక్కువ మేర తీసుకుంటాం. రెండో పోగు మీద రెండోదానికంటే తక్కువ. ఇలా తయారైన కొత్త పరిసరంలో వాళ్ల జాబితాలోది ఏదీ ఇమడదు. ఎన్ని జాబితాలు తెచ్చినా ఇంతే. విడివిడిగా ప్రతి పోగుకూ దూరం ఉంది. ముడి వేశాక అందరికీ కలిపి ఒకే దూరం పట్టిక రాయడం కుదరదు.

అయినా ఆ ముడి మూలం లేనిది కాదు. దాని గుర్తు వేరే ఉంది.

ఎన్ని బళ్లు మారాలి

మూడో రకం దారి అన్నిటికంటే విశాలమైనది, పేరు "కోషెంట్". కుట్టడం, అతికించడం అంతా ఇందులోకే వస్తుంది. అతికించాక ఏది దేనికి దగ్గరో, ఆ అతుకే నిర్ణయిస్తుంది. 1965లో అమెరికా గణితజ్ఞుడు స్టాన్లీ ఫ్రాంక్లిన్ పోలండ్ పత్రిక ఫండమెంటా మేథమెటికేలో దీనికి జవాబిచ్చారు. అనుక్రమాలు చాలు అన్న చోట్లే ఈ దారిన వచ్చినవి. అంటే, ఒక ముక్క సంపూర్ణంగా ఉందో లేదో తెలుసుకోవడానికి 1, 2, 3 అని ఒకదాని వెనక ఒకటిగా నడిచే వరసలను పరీక్షిస్తే సరిపోవాలి. ముక్కలోని ఏ వరస అవధి చూసినా అది ముక్కలోనే ఉంటే ఆ ముక్క సంపూర్ణం. ఇది లోపలి నుంచే చేసే పరీక్ష. మూలం చూడక్కరలేదు, దూరం కొలవక్కరలేదు. వరసలు చాలే చోట పూర్వం ఎక్కడో దూరం ఉండేదని నిశ్చయం. వరసలు చాలని చోట్లు కూడా ఉన్నాయి. అవి ఎంత అతికించినా దూరం ఉన్న చోటి నుంచి రావు.

ఇందులో ఒక మెలిక ఉంది, రైల్వేవాళ్లకు బాగా తెలిసిన మెలిక. మెయిన్ లైన్ మీద స్టేషన్లు వరసగా కాట్పాడి వైపు దగ్గరవుతూ ఉన్నాయనుకోండి. ఒక్కో స్టేషన్‌కు ఒక బ్రాంచి లైను, దాని మీద హాల్టులు ఆ స్టేషన్‌కు దగ్గరవుతూ ఉన్నాయి. బ్రాంచి హాల్టులు మాత్రమే మన చేతిలో ఉన్నాయి. వాటి వరసలు పట్టుకుని వెళితే స్టేషన్లకు చేరతాం. స్టేషన్ల వరస పట్టుకుంటే కాట్పాడి చేరతాం. కానీ హాల్టుల నుంచి నేరుగా కాట్పాడి చేరే వరస ఒక్కటి కూడా ఉండకుండా పరిసరాలను అమర్చవచ్చు. 1950లో అరెన్స్ ఇలాంటి చోటు కట్టి చూపించారు. అక్కడ బండి మారక తప్పదు.

ఒక్క బండితో ఎప్పుడూ చేరగలిగిన చోట్లకు ఫ్రెషే పేరే పెట్టారు. అవి ఏ దారిన వచ్చినవో మాస్కోలో అలెగ్జాండ్రోవ్ శిష్యుడు అర్హంగెల్‌స్కీ చెప్పారు. 1966లో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, ఆయన దారులూ చోట్లూ అన్నిటినీ కలిపి రాసిన పెద్ద వ్యాసం ఈ రంగానికి పునాది అయింది. 1968లో ఆయన, ఫ్రాంక్లిన్ కలిసి ఇంకో ప్రశ్న వేశారు: ఎన్ని బళ్లు మారాలి? ఒకటా, రెండా, వందా? అనంతం దాటి కూడా మారవలసిన చోట్లు ఉన్నాయని తేలింది. లెక్కపెట్టగల వరసలన్నీ దాటిన మొదటి మెట్టుకు మించి మాత్రం ఎప్పుడూ పోదు. రష్యా, అమెరికా ఒకదాని మీద ఒకటి క్షిపణులు ఎక్కుపెట్టుకున్న రోజుల్లో ఈ ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టారు.

మదురై మీదుగా హైదరాబాదు

ఇప్పుడు మనవైపు వద్దాం. గుత్తిలో పుట్టిన ఆ సొసైటీయే 1947లో మద్రాసులో ఒక పుస్తకం వేసింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన ఆర్. వైద్యనాథస్వామి గారి సెట్ టోపాలజీ గ్రంథం అది. స్వతంత్రం వచ్చిన ఏడాది, కాగితానికే కరువున్న రోజుల్లో, ఈ కొత్త శాస్త్రం మీద మన దగ్గర రాసి మన దగ్గరే అచ్చేసిన పుస్తకం. 1960లో అమెరికాలో దాన్ని మళ్లీ అచ్చు వేసుకున్నారు.

1968లో ఐఐటీ కాన్పూరులో టోపాలజీ సదస్సు జరిగింది. ప్రేగ్ సదస్సుల వరసలోదిగా దాని సంపుటాన్ని 1971లో ప్రేగ్‌లో ప్రచురించారు. సంపాదకుల్లో ఫ్రాంక్లిన్ ఒకరు. మదురై విశ్వవిద్యాలయం 1966లో మొదలైంది. అక్కడ ఎం. రాజగోపాలన్ గారు టోపాలజీ నేర్పారు. ఫ్రాంక్లిన్‌తో కలిసి ఆయన రాసిన వ్యాసం 1971లో అమెరికా గణిత సంఘం పత్రికలో వచ్చింది. వి. కణ్ణన్ గారు రాజగోపాలన్ గారి దగ్గర మదురైలో పరిశోధన చేసి, తర్వాత హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. ఆ విశ్వవిద్యాలయం సంగతి మీకు తెలిసే ఉంటుంది. తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తర్వాత 1973లో ఆరు సూత్రాల ఒప్పందం కుదిరింది, దాని ఫలితంగా 1974లో అది ఏర్పడింది.

కణ్ణన్ గారు పట్టుకున్నది పైన చెప్పిన బళ్ల లెక్కనే. 1980లో, ఫ్రాంక్లిన్ రాసిన అదే పోలండ్ పత్రికలో, ఆయన ఒక సిద్ధాంతం ప్రచురించారు. అనుక్రమాలు చాలే చోటు కాంపాక్ట్ అయి, అందులోని ఏ ముక్కలో చూసినా వేరువేరు సంపూర్ణ భాగాలను పరిసరాలతో విడదీయగలిగితే, అక్కడ బండి మారే పనే లేదు, ఒక్క బండి చాలు. మరుసటి ఏడాది, 1981లో, అమెరికా గణిత సంఘం తన మెమాయిర్స్ వరసలో 245వ సంఖ్యగా ఆయన గ్రంథాన్ని వేసింది. ఈ లెక్కింపును అనుక్రమాలకే పరిమితం చేయకుండా ఇంకా విశాలమైన చట్రంలో పెట్టిన పని అది. మాస్కో, అమెరికా కలిసి వేసిన ప్రశ్నకు మదురైలో చదువుకుని హైదరాబాదులో పనిచేసిన మనిషి కొనసాగింపు రాశారు.

మనకేమిటి?

ఈ కథ ఇంత పొడుగ్గా చెప్పడానికి రెండు కారణాలు.

ఒకటి మన పిల్లకాయల గురించి. బీఎస్సీ లెక్కలు చదివే పిల్లలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. ఇంజనీరింగులో సీటు రాలేదని దాన్ని చిన్నచూపు చూసే పెద్దలూ ఉన్నారు. ఆ చదువు ఎక్కడికీ పోదని వాళ్లకు చెప్పకండి. గుత్తిలో ఒక డిప్యూటీ కలెక్టరు ఉత్తరంతో మొదలై, పోర్టు ట్రస్టులో గుమాస్తాగా పనిచేసిన రామానుజన్‌ను లోకానికి చూపించి, మదురైలో కొత్తగా పెట్టిన విశ్వవిద్యాలయం దాకా నడిచిన దారి ఇది. మధ్యలో ఎన్నో బళ్లు మారింది, కానీ ఆగలేదు.

రెండోది భాష. మేము చదివింది తమిళ మీడియం. సమితిని మా బడిలో 'కణం' అన్నారు, ప్రమేయాన్ని 'సార్పు' అన్నారు, అవిచ్ఛిన్నతను 'తొడర్చి' అన్నారు. తెలుగు పారిభాషిక పదాలు మేము ఉద్యోగం చేసే రోజుల్లో పుస్తకాలు చూసి నేర్చుకున్నవి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే భావం ఒక్కటే, కుట్టు వేరు. మన తెలుగులో తమిళం కలిసిందని ఎవరైనా ఎత్తిపొడిస్తే చిన్నబోనక్కరలేదు. రెండు బట్టలు కలిపి కుట్టినచోట అతుకు కనిపించడం సహజం.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. "ఏ షరతూ లేకపోతే అందరూ అక్కడి నుంచి వచ్చినవాళ్లే" అన్న మొదటి జవాబును మరవకూడదు. మేమూ తెలుగువాళ్లమే అని సభలో చెప్పుకుంటే అది ఆ ఖాళీ జవాబు లాంటిదే. గుర్తు లోపల మిగిలి ఉండాలి. తాత మాట తండ్రికి, తండ్రి మాట బిడ్డకు, బిడ్డ మాట మనవడికి, ఒకదాని వెనక ఒకటిగా నడిచే వరస తెగకుండా ఉండాలి. మన ఊరి దూరం ఎంతో మనకు తెలియదు, ఇక తెలియకపోవచ్చు కూడా. కానీ వరస మన చేతుల్లో ఉంది. పిల్లల్లో చాలామందికి తెలుగు మాట వచ్చు, రాత రాదు. వరస తెగేది అక్కడే.

కాబట్టి సభ్యులకు ఒక మనవి. మీ ఇంట్లో లెక్కలు చదివే పిల్లవాడో పిల్లో ఉంటే ఈ వ్యాసం చదివి వినిపించండి. ముడి వేసిన పోగుల దగ్గర ఆగి, జాబితా ఎందుకు కుదరదో వాళ్లచేతే తెలుగులో చెప్పించండి. తమిళం కలిపి చెప్పినా పరవాలేదు. చెప్పగలిగితే వాళ్లకు లెక్కా వచ్చినట్టే, భాషా వచ్చినట్టే. వాళ్లు చెప్పింది కాగితం మీద తెలుగులో రాయించి తెస్తే, వచ్చే సమావేశంలో అందరం కూర్చుని విందాం.